పరదా ఆడవాళ్ల కోసం పట్టుబట్టిన దుర్గాబాయి

హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మన అమ్మాయి, కొట్టే భర్తతో ఇక కాపురం వద్దనుకుంటే భరణానికో పిల్లల కోసమో ఫ్యామిలీ కోర్టుకు వెళ్తుంది. అలాంటి కోర్టులు కావాలని ముందే అడిగిన తెలుగావిడ దుర్గాబాయి దేశ్‌ముఖ్.

1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ కాపురానికి వెళ్లనన్నారు. నాన్న, తమ్ముడు ఆమెవైపే నిలబడ్డారు. ఆ రోజుల్లో అదేమన్నా చిన్న సంగతా?

1921లో గాంధీజీ కాకినాడ వచ్చారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు. దేవదాసీలు, బుర్ఖాల్లో ఉండే ముస్లిం ఆడవాళ్లు కూడా ఆయన్ని చూడాలని ఒకటే పట్టు. ఐదు వేల రూపాయలు తెస్తే కొద్ది నిమిషాలు ఇస్తామన్నారు పెద్దలు. డబ్బు పోగైంది. సభ ఓ బడి ఆవరణలో జరిగింది. కాసేపటికని వచ్చిన గాంధీజీ చాలాసేపు ఉండిపోయారు. ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసి ఇచ్చేశారు.

తర్వాత లాయరయ్యారు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన ఆడవాళ్లను మళ్లీ చదివించారు. ఆ సభ మహిళా కాలేజీ మన ఉస్మానియా క్యాంపస్ దగ్గర ఇప్పటికీ ఉంది. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ కోర్టులు చూసొచ్చి, ఇక్కడా పెట్టాలని నెహ్రూతో, జడ్జీలతో మాట్లాడారు.

1981లో కన్నుమూశారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది.