తరిమెన పట్టిన చేతులు – ఆగస్ట్ బెబెల్ జీవితం

వృద్ధాప్య పింఛను చరిత్ర ఎవరు చెప్పినా జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ పేరుతోనే మొదలుపెడతారు. 1889లో ఆ చట్టం తెచ్చింది ఆయన ప్రభుత్వమే, కాదనను. అయితే ఆ చట్టం తేక తప్పని పరిస్థితి కల్పించిన వారిలో ముఖ్యుడు ఒక చేతిపనివాడు. ఆయన పేరు ఆగస్ట్ బెబెల్. పింఛనుదారులమైన మనం ఆయన గురించి కొంతైనా తెలుసుకోవాలని నా అభిప్రాయం.

బెబెల్ 1840 ఫిబ్రవరి 22న కొలోన్ నగరం పక్కనున్న డాయిట్జ్‌లో పుట్టాడు. తండ్రి ప్రష్యా సైన్యంలో చిన్న ఉద్యోగి. బెబెల్‌కు నాలుగేళ్ళు నిండేసరికే ఆయన కన్నుమూశాడు. పదమూడో ఏట తల్లి కూడా క్షయతో పోయింది. పై చదువు చదివించే దిక్కు లేక, వెట్జ్‌లార్ పట్టణంలో తరిమెన పట్టే పనిలో చేరాడు. పని నేర్చుకున్నాక, ఆనాటి చేతిపనివారి ఆచారం ప్రకారం ఊరూరా తిరుగుతూ పనిచేసి, 1860లో లైప్జిగ్ చేరాడు. కొన్నాళ్ళకు అక్కడే సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. ఎనుబోతు కొమ్ముతో తలుపులకు, కిటికీలకు పిడులు చేసి అమ్మేవాడు.

ఆ రోజుల్లో ఉదారవాదులు పనివారి కోసం విద్యాసంఘాలు నడిపేవారు. 1861లో బెబెల్ అటువంటి సంఘంలో చేరాడు. రాజకీయాలలో ఆయనకు అక్షరాభ్యాసం అక్కడే జరిగింది. మొదట ఆయనా ఉదారవాదే. పనివాడు చదువుకుని, పొదుపు చేసుకుంటే బాగుపడతాడనే నమ్మాడు. క్రమంగా, పనివారికి తమదైన పార్టీ ఉండాలనే నిర్ణయానికి వచ్చాడు. 1866లో విల్హెల్మ్ లీబ్‌నెక్ట్‌తో కలిసి శాక్సనీ ప్రజాపార్టీని, 1869లో సోషల్ డెమోక్రటిక్ కార్మిక పార్టీని స్థాపించాడు.

1867లో, ఇరవై ఏడేళ్ళ వయసులోనే పార్లమెంటు సభ్యుడయ్యాడు. అప్పట్లో సభ్యులకు జీతభత్యాలు లేవు. అవి 1906లో గాని రాలేదు. అందుచేత సభలో ప్రసంగించి వచ్చి మళ్ళీ పిడులు చేసుకుంటేనే ఇల్లు గడిచేది. ఆయన జైలులో ఉన్న కాలంలో దుకాణం భారమంతా మోసింది భార్య జూలీ. ఈ ఇల్లాలి పేరు చెప్పకుండా బెబెల్ కథ చెప్పడం న్యాయం కాదు.

జైలు ఆయనకు కొత్త కాదు. 1870లో ఫ్రాన్సుతో యుద్ధానికి నిధులిచ్చే తీర్మానానికి ఓటు వేయలేదు. ఆల్సేస్-లొరేన్‌ను కలుపుకోవడం తప్పన్నాడు. దేశద్రోహ నేరం మోపి 1872లో రెండేళ్ళ శిక్ష వేశారు. చక్రవర్తిని అవమానించాడని మరో తొమ్మిది నెలలు వేసి, సభ్యత్వం రద్దుచేశారు. ఆయన జైలులో ఉండగానే ఉప ఎన్నిక వచ్చింది. ఓటర్లు ఆయననే మళ్ళీ గెలిపించి పంపారు.

1878లో బిస్మార్క్ ఒక చట్టంతో పార్టీ సంఘాలను, పత్రికలను నిషేధించాడు. ఎన్నికలలో నిలబడే హక్కు మాత్రం మిగిలింది. 1881లో బెబెల్‌ను లైప్జిగ్ నుంచి వెళ్ళగొట్టారు. అదే ఏడాది శాక్సనీ శాసనసభకు కూడా ఆయన ఎన్నికయ్యాడు. 1879లో ఆయన రాసిన ‘స్త్రీ – సోషలిజం’ గ్రంథాన్ని నిషేధించినా చాటుమాటుగా ఇంటింటికీ చేరింది.

ఒక చేత్తో నిషేధం పెట్టిన బిస్మార్క్, రెండో చేత్తో 1883లో ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో పింఛను తెచ్చాడు. సోషల్ డెమోక్రట్ల భయమే లేకపోతే ఈ కొద్దిపాటి సంస్కరణలైనా ఉండేవి కావని 1884లో ఆయనే సభలో అంగీకరించాడు.

విచిత్రమేమంటే, ఆ పింఛను చట్టానికి బెబెల్ పార్టీ వ్యతిరేకంగా ఓటు వేసింది. డెబ్బై ఏళ్ళు నిండితేనే పింఛను. ముప్ఫై ఏళ్ళు చందా కట్టి ఉండాలి. వచ్చే మొత్తం చాలా స్వల్పం. డెబ్బై దాటి బతికే కార్మికుడే ఆనాడు అరుదు. పార్టీ అభ్యంతరం సబబేనంటాను. అయినా, ఆ కొంచెమైనా అందుకున్న ముసలివారి వైపు నుంచి చూస్తే, కాదని ఓటు వేయడం సరైనదేనా అనే ప్రశ్న నన్ను వదలదు. అర్హత వయసు 1916లో అరవై అయిదుకు తగ్గింది. అది చూడటానికి బెబెల్ లేడు.

మన దేశానికి సంబంధించిన ఒక సంగతి. 1907 ఆగస్టులో స్టుట్‌గార్ట్‌లో అంతర్జాతీయ సోషలిస్టు మహాసభ జరిగింది. ఆతిథ్యమిచ్చింది బెబెల్ పార్టీయే. మేడమ్ కామా భారత పతాకాన్ని ఎగురవేసింది ఆ సభలోనే.

1912 ఎన్నికలలో 397 స్థానాలకు 110 గెలిచి ఆయన పార్టీ సభలో అతి పెద్దదయింది. 1913 ఆగస్టు 13న బెబెల్ స్విట్జర్లాండ్‌లో కన్నుమూశాడు. ఆయన పార్టీ 1895లోనే సభలో కోరిన స్త్రీల ఓటుహక్కు 1918లో వచ్చింది.

పింఛను దయతో ఇచ్చే కానుక కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో మన సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఏ దేశంలోనైనా ఇటువంటి హక్కు వెనుక అడిగినవారు, అడిగినందుకు కష్టాలు పడినవారు ఉంటారు. మన పిల్లలకు, మనుమలకు బిస్మార్క్ పేరుతోపాటు బెబెల్ పేరు కూడా చెప్పవలసిందిగా సభ్యులందరికీ నా మనవి.