మూడడుగుల దారి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొలరాడో అను రాష్ట్రము కలదు. అందలి రాకీ పర్వతములలో వెండి గనులు మెండుగా నుండెను. కాని అచ్చటికి పోవు దారి మిక్కిలి దుర్గమము. ఆ కొండలపైకి రైలును గొనిపోయిన సాహసి విలియం జాక్సన్ పామర్.

పామర్ 1836లో డెలావేరు రాష్ట్రమున జన్మించెను. ఆయన తల్లిదండ్రులు యుద్ధమును నిరసించు క్వేకరు మతస్థులు. పదునేడేండ్ల ప్రాయముననే ఆయన రైలుమార్గముల సర్వే పనిలో ప్రవేశించెను. 1861లో అంతర్యుద్ధము చెలరేగెను. యుద్ధము కూడదని మతము వారించెను. బానిసత్వము నశింపవలెనని మనస్సు ప్రేరేపించెను. తుద కాయన సైన్యమున చేరెను. 1862లో శత్రువులకు చిక్కి చెరసాల పాలయ్యెను. విడుదలయి మరల పోరాడి, జనరల్ అను గౌరవమును పొందెను.

1870లో పామర్ డెన్వర్ నగరమునుండి దక్షిణమునకు పోవు డెన్వర్ అండ్ రియో గ్రాండి రైలు కంపెనీని స్థాపించెను. ఆ దేశమున రెండు పట్టాల నడుమ సాధారణముగా 4 అడుగుల 8½ అంగుళముల యెడముండెను. అంత వెడల్పు దారికి కొండలను విశేషముగా తొలువవలెను. మలుపులను విశాలముగా వేయవలెను. అందుకు ధనము చాలదు. బ్రిటనులోని వేల్సు ప్రాంతమున రెండడుగులైన లేని దారిపై పలకరాతిని మోయు రైలొకటి నడచుచుండెను. అట్టి దారులను గూర్చి విచారించి, పామర్ 3 అడుగుల యెడమును నిర్ణయించెను.

1871 జూలై 28న డెన్వరులో మొదటి పట్టాను పరచిరి. గజమునకు 30 పౌనులు మాత్రమే తూగు తేలిక పట్టాలను, అడ్డముగా పరచిన కొయ్యదిమ్మలపై మేకులతో బిగించిరి. అక్టోబరు నాటికి దారి 76 మైళ్ళు సాగి, పామర్ స్థాపించిన కొలరాడో స్ప్రింగ్సు పట్టణమును చేరెను. పిదప అది మెలికలు తిరుగుచు కొండల నెక్కెను. కొన్ని తావుల నూరడుగులు సాగునప్పటికి నాలుగడుగు లెక్కవలసి యుండెను. 1881లో మార్షల్ కనుమయొద్ద 10,800 అడుగులకు మించిన యెత్తును దాటెను. 1882లో గనుల పట్టణమగు సిల్వర్టన్‌ను చేరెను.

ఈ విజయము వెనుక విషాదమును గలదు. ఆ కొండలు యూట్ జాతివారి నివాసభూములు. గనులకును, వలసవచ్చిన వారికిని చోటు విడిచి, వారిలో పెక్కుమంది 1881లో అన్యప్రాంతమునకు తరలవలసి వచ్చెను.

ఇరుకుదారికి మరియొక లోప ముండెను. పెద్ద రైళ్ళలో వచ్చిన సరకునంతయు డెన్వరులో దింపి చిన్న పెట్టెల కెక్కింపవలెను. కాలము, కూలి వ్యర్థమగుచుండెను. పామర్ తన కొలతనే పట్టుకొని మొండికి దిగలేదు. 1881లో డెన్వరునకును ప్యూబ్లోకును నడుమ మూడవ పట్టాను వేసిరి. నాటినుండి ఒకే దిమ్మలపై రెండు విధముల రైళ్ళును నడచెను.

1901లో తన మరియొక రైలు కంపెనీని అమ్మినపుడు, వచ్చిన ధనములో కొంత ఆయన ఉద్యోగులకు పంచెను. 1906లో గుఱ్ఱముపైనుండి పడి, కదలలేని స్థితికి వచ్చెను. అయినను మరుసటి యేడు తనతో యుద్ధమున పాల్గొన్న వృద్ధ సైనికులను తన యింటికి రప్పించి గౌరవించెను. 1909లో మరణించెను.

డురాంగోనుండి సిల్వర్టన్‌కు పోవు ఆ మూడడుగుల దారిపై నేటికిని రైలు నడచుచున్నది. నేలను బట్టి కొలతను నిర్ణయించుటయు, అవసరమును బట్టి దానిని మార్చుకొనుటయు పామర్ జీవితము నేర్పు పాఠము.