కత్తి కాంతారావు: మన నల్గొండ సూపర్ హీరో

హాస్టల్‌లో సినిమా డిస్కషన్ మొదలైతే ఎక్కడికి పోతుందో మనందరికీ తెలుసు. ఐరన్ మ్యాన్ గొప్పా, బ్యాట్‌మ్యాన్ గొప్పా? 2024లో హనుమాన్ వచ్చాక, హమ్మయ్య, తెలుగులో కూడా ఒక సూపర్ హీరో దొరికాడని సంబరపడ్డాం. కానీ అరవై ఏండ్ల కిందనే మనకొక సూపర్ హీరో ఉన్నారు. అదీ మన ఉమ్మడి నల్గొండ జిల్లా మనిషి. పేరు కాంతారావు.

కత్తి కాంతారావు అంటే నాకు మొదట గుర్తొచ్చింది 2010లో వచ్చిన అల్లరి నరేశ్ కామెడీ సినిమానే. ఆ పేరు వెనక ఒక అసలు మనిషి ఉన్నారని మా తాతయ్య చెప్పేదాకా తెలీదు.

పూర్తి పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. 1923 నవంబర్ 16న కోదాడ దగ్గర గుడిబండలో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యం, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. విజయవాడ హైవే మీద పోతూ కోదాడలో ఎన్నిసార్లు బస్సు దిగి టీ తాగామో, పక్కనే ఒక హీరో ఊరు ఉందని మాత్రం తెలీదు!

నాటకాల పిచ్చి ఆయన్ను మద్రాసు దాకా తీసుకుపోయింది. మొదటి తెలుగు టాకీ తీసిన హెచ్.ఎం. రెడ్డి 1953లో ప్రతిజ్ఞ సినిమాలో ఆయన్ను హీరోని చేశారు. అదే సినిమాతో రాజనాల విలన్‌గా పరిచయమయ్యారు. తర్వాత ఎన్నో సినిమాల్లో ఈ ఇద్దరూ కత్తులు దూసుకున్నారు.

అసలు మలుపు దర్శకుడు విఠలాచార్య. జయవిజయ, గురువును మించిన శిష్యుడు, జ్వాలాద్వీప రహస్యం లాంటి జానపదాలతో కాంతారావు పేరు ముందు కత్తి చేరింది. 1966లో అమెరికాలో బ్యాట్‌మ్యాన్ టీవీ సీరియల్ మొదలయ్యే నాటికే మన రాకుమారుడు మాంత్రికుల పని పడుతున్నాడు. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. మనిషి మేకగా మారాలంటే కెమెరా ఆపి, మనిషిని తప్పించి, అదే చోట మేకను నిలబెట్టి మళ్ళీ తిప్పాలి. ఫ్రేమ్ కొంచెం కదిలినా మాయ మొత్తం ఖరాబ్. ఇలాంటి ట్రిక్కుల మధ్య మనల్ని నమ్మించాల్సింది హీరో మొహమే.

ఆయన కత్తికే పరిమితం కాలేదు. 1963లో వచ్చిన లవకుశలో ఎన్టీఆర్ రాముడైతే కాంతారావు లక్ష్మణుడు. అదే ఏడాది నర్తనశాలలో ఎన్టీఆర్ అర్జునుడు, ఈయన కృష్ణుడు. శ్రీకృష్ణ తులాభారంలో నారదుడు. మొత్తం నాలుగు వందలకు పైగా సినిమాలు.

ఇక్కడిదాకా కథ సినిమాలాగే ఉంది. తర్వాతదే కష్టం. భార్య హైమావతి పేరు మీద హైమా ఫిల్మ్స్ పెట్టి సొంతంగా సినిమాలు తీశారు. 1969లో వచ్చిన సప్తస్వరాలు అందులో ఒకటి. నిర్మాతగా బాగా నష్టపోయారు, సంపాదించిన ఆస్తులు కరిగిపోయాయి. ఇంకోపక్క కాలం కూడా మారింది. జానపదాలు తగ్గి సాంఘిక చిత్రాలు పెరిగాయి. రాజ్యాలు గెలిచిన మనిషి చిన్న చిన్న వేషాలు వేశారు, టీవీ సీరియళ్లలో చేశారు. సినిమాలో పోయిన రాజ్యం క్లైమాక్స్‌లో తిరిగొచ్చేది. బయట రాలేదు.

2000 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చింది. చివరి ఏండ్లు డబ్బు ఇబ్బందులతోనే గడిచాయి. 2009 మార్చి 22న హైదరాబాద్‌లో, 85 ఏండ్ల వయసులో, క్యాన్సర్‌తో చనిపోయారు. అప్పటికి నాకు మూడేండ్లు.

నిజం చెప్పాలంటే, తాతయ్య పక్కన కూర్చొని గురువును మించిన శిష్యుడు మొదలుపెట్టింది ట్రోల్ చేద్దామనే. మొదటి పది నిమిషాలు సెట్లు చూసి నవ్విన. తర్వాత ఎప్పుడు ఆపేశానో గుర్తులేదు. తాతయ్య మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు. ప్రతి కత్తి దెబ్బకీ ముందుకు వంగి చూస్తుండె, నేను ఎండ్‌గేమ్ చూసినప్పటి లెక్కనే.

ఈసారి సెలవులకి ఇంటికి పోయినప్పుడు మీ తాతయ్యనో అమ్మమ్మనో ఒక్కసారి కాంతారావు పేరు చెప్పి అడగండి. ఫోన్ పక్కన పెట్టి అడగండి, ఎందుకంటే ఆ కథ తొందరగా అయిపోదు.