కొమ్ము రేకు మీద తుఫాను

1999 అక్టోబరు 29న ఒడిశాలో సూపర్ సైక్లోన్ తీరం దాటింది. రిలీఫ్ డ్యూటీకి వెళ్ళినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, అప్పుడు నాయక్‌ని. సైక్లోన్ అనే మాట రోజుకు వందసార్లు అనేవాళ్ళం. ఆ మాట పుట్టించిన మనిషి కలకత్తాలో ఉండేవాడని, మా కాకినాడ పక్కనున్న కోరంగి తుఫాను మీద కూడా ఆయన పరిశోధన చేశాడని చాలా ఏళ్ళ తర్వాత కలకత్తా పోస్టింగ్‌లో తెలిసింది. అందుకే ఈసారి మన సావనీరుకు ఆయన జీవితం రాస్తున్నాను.

హెన్రీ పిడ్డింగ్టన్ 1797లో ఇంగ్లండులోని ససెక్స్‌లో పుట్టాడు. ఇండియా, చైనా సముద్రాల మీద వ్యాపార ఓడలు నడిపిన కెప్టెన్. 1830 ప్రాంతంలో ఒడ్డెక్కి కలకత్తాలో స్థిరపడ్డాడు. మ్యూజియం క్యూరేటర్‌గా పనిచేశాడు. ఓడ ప్రమాదాల మీద జరిగే ఎంక్వయిరీ కోర్టులకు అధ్యక్షుడుగా కూడా ఉన్నాడు. కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ అంటే ఏమిటో మనవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు!

ఆయనకు దారి చూపింది ఒక సైనికుడే. 1831లో బార్బడోస్ దీవిని తుఫాను ఊడ్చేస్తే, పడిపోయిన కట్టడాలు మళ్ళీ లేపడానికి రాయల్ ఇంజనీర్స్ ఆఫీసరు విలియం రీడ్‌ని పంపారు. ఆయన పాత తుఫానుల వివరాలన్నీ కూర్చి 1838లో పుస్తకం వేశాడు. తుఫాను గాలి సూటిగా వీచదు, ఒక కేంద్రం చుట్టూ తిరుగుతుంది అన్నది అందులో సారాంశం. అమెరికాలో రెడ్‌ఫీల్డ్ అంతకుముందే ఈ సంగతి చెప్పాడు.

పిడ్డింగ్టన్ ఆ పుస్తకం చదివి ఊరుకోలేదు. బంగాళాఖాతంలో తిరిగిన ఓడల లాగ్‌బుక్కులు తెప్పించుకుని, ఏ గంటకు ఏ ఓడ ఎక్కడుంది, గాలి ఎటునుంచి వచ్చింది అని మ్యాపు మీద గుర్తులు పెట్టడం మొదలుపెట్టాడు. 1839 నవంబరులో కోరంగి రేవు మీద ఉప్పెన పడింది. 1789లో ఒకసారి మునిగిన ఊరే అది. ఆయన రాసిన రెండో తుఫాను వ్యాసం దీని మీదే. అలా కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఏళ్ళ తరబడి వరసగా రాశాడు.

చార్లెస్ హెడిల్ అనే ఓడ సంగతి నాకు బాగా నచ్చింది. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర తుఫానులో చిక్కి, గాలి ఎటు తోస్తే అటు పోదామనుకుంది. రోజుల తరబడి పరుగెత్తింది. లాగ్‌బుక్కు తీసి గీస్తే, గానుగెద్దులాగా తుఫాను చుట్టూ ఐదుసార్లు తిరిగిందని తేలింది!

ఆ విద్య అంతా మామూలు నావికుడి చేతికి ఎలా అందాలి? పిడ్డింగ్టన్ చేసిన అసలు పని ఇదే. పశువు కొమ్మును పల్చగా చేస్తే అవతలిది కనబడే రేకు వస్తుంది. దాని మీద వలయాలు, గాలి దిక్కు చూపే బాణాలు గీయించాడు. కెప్టెను ఆ రేకును చార్టు మీద పెట్టి, తన ఓడ ఉన్నచోట బాణం తనకు తగిలే గాలితో కలిసేట్టు జరపాలి. రేకు నడిమధ్య ఎక్కడ పడితే అటే తుఫాను కేంద్రం. మన భూమధ్యరేఖ పైభాగంలో అయితే గాలికి ఎదురుగా నిలబడండి, కేంద్రం మీ కుడిచేతి వైపు ఉంటుంది. (గాలి కొంచెం లోపలికి వాలుతుంది కాబట్టి, కేంద్రం కుడిచేతికి కాస్త వెనకగా ఉంటుందని తర్వాతివాళ్ళు సవరించారు.) బారోమీటరు పడిపోతూ ఉంటే దగ్గరవుతున్నట్టు లెక్క. 1848లో వేసిన తన నావికుల పుస్తకంలో ఈ తుఫానుకు గ్రీకు మాటతో సైక్లోన్ అని పేరు పెట్టాడు. పాము చుట్ట చుట్టుకున్నట్టు అని భావం.

చేతికి అందితే సరిపోదు, చూడాలి కూడా. కొండల్లో ఒక పోస్టులో ఉండగా భారీ వర్షం వస్తుందని వైర్‌లెస్‌లో మెసేజి వచ్చింది. రాత్రంతా ట్రేలోనే పడి ఉంది. తెల్లారేసరికి నాలా పొంగి రేషన్ టెంటు కొట్టుకుపోయింది. ప్రాణనష్టం లేదు. ఆ రాత్రి డ్యూటీ ఎన్‌సీవోని నేనే.

పిడ్డింగ్టన్ మాటకూ అదే గతి పట్టింది. హుగ్లీ నది పూడిపోతోందని మాట్లా నది మీద కొత్త రేవు కట్టాలని ఆలోచన చేశారు. 1853లో ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగంగా లేఖ రాశాడు. అక్కడ మడ అడవి కొట్టేస్తే అడ్డుండదు, ఏదో ఒకనాడు తుఫాను కెరటం రేవును ముంచుతుందని హెచ్చరించాడు. ఎవరూ లెక్కచేయలేదు. 1858లో ఆయన కలకత్తాలోనే పోయాడు. రేవు లేచింది, రైలు వచ్చింది. దానికి క్యానింగ్ పేరు పెట్టారు. 1867 నవంబరు 1న ఉప్పెన వచ్చింది. నీటి ఎత్తు ఆరడుగులే అంటారు. అంతకే రేవు పాడైపోయింది, కొన్నేళ్ళకు వదిలేశారు.

ఒక ఆదివారం సెలవు పెట్టి సియాల్దాలో లోకల్ రైలెక్కి క్యానింగ్ వెళ్ళాను. సుందర్బన్స్ చూడటానికి వచ్చినవాళ్ళు, చేపల బుట్టలవాళ్ళు తోసుకుంటూ దిగారు. రేవు ఎక్కడండీ అని ఒక టీ కొట్టు ముసలాయన్ని అడిగాను. ఆయన నది వైపు చూపించాడు. బురద, రెండు పడవలు ఉన్నాయి.