జాన్ పోస్టెల్ - ఇంటర్నెట్ కరణం గారు

మన బడి వెబ్‌సైటు పేరుని గడువు తీరకుండా రెన్యూ చేయించే పని నాది. క్రెడిట్ కార్డుతో రెండు నిమిషాల పని. ఆ పేరు చివర ఉండే డాట్ కామ్, డాట్ ఆర్గ్, డాట్ ఇన్ లాంటివి ఎవరి చేతిలో ఉండాలో చాలా ఏళ్ళపాటు ఒక్క మనిషి చూసుకునేవారని మా సాఫ్ట్‌వేర్ వాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. ఆయన జాన్ పోస్టెల్.

1943 ఆగస్టు 6న కాలిఫోర్నియాలో పుట్టారు. 1969లో ఇంటర్నెట్‌కి మూలమైన ఆర్పానెట్ మొదలైనప్పుడు ఆయన లాస్ ఏంజెలస్‌లో యు.సి.ఎల్.ఎ. విద్యార్థి. ఏ నంబరు ఎవరికిచ్చారో ఎవరో ఒకరు రాసిపెట్టాలి, లేకపోతే గందరగోళం. ఆ పని ఆయన నెత్తిన వేసుకున్నారు. మన ఊళ్ళలో కరణం గారి దగ్గర భూముల లెక్కలుండేవి కదా, అలాగన్నమాట. తమాషా ఏమిటంటే, ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలను తీసేసిన 1984లోనే, డాట్ కామ్, డాట్ ఆర్గ్, దేశాలకు రెండక్షరాల పేర్లు ఎలా ఉండాలో చెప్పే పత్రం ఆయన ఇంకొకరితో కలిసి రాశారు. డాట్ ఇన్ 1989లో వచ్చింది.

ఏది దేశం, ఏది కాదు అన్న తగువులోకి ఆయన దిగలేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జాబితాలో ఉన్న అక్షరాలే తీసుకున్నారు. దేశం పేరు చూసుకునేవాళ్ళు దానికి యజమానులు కారు, ధర్మకర్తలు మాత్రమే అని 1994లో రాసిపెట్టారు.

1995 దాకా డాట్ కామ్ పేరు ఉచితం. ఆ ఏడాది, కాంట్రాక్టు ఉన్న నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీకి ఏడాదికి 50 డాలర్లు వసూలు చేసే అనుమతి దొరికింది. డబ్బు వచ్చింది, వెనకే పేచీలూ వచ్చాయి.

పేర్ల అసలు పట్టీ ఆ కంపెనీ సర్వర్‌లో ఉండేది. దాని నకళ్ళు తక్కిన పన్నెండు రూట్ సర్వర్లలో ఉండేవి. 1998 జనవరి 28న పోస్టెల్ ఎనిమిది సర్వర్ల నిర్వాహకులకు ఈమెయిల్ పంపారు, ఇకనుంచి పట్టీని తన దగ్గరనుంచి తీసుకోమని. వాళ్ళు అలాగే చేశారు! పట్టీ ఒకటే కాబట్టి వాడేవాళ్ళకి తేడా తెలియలేదు. వైట్‌హౌస్ అధికారులు మాత్రం ఉలిక్కిపడ్డారు. ఇది పరీక్ష మాత్రమేనని చెప్పి ఆయన మళ్ళీ పాత పద్ధతికి మార్చేశారు. రెండు రోజులకే ప్రభుత్వం తన ముసాయిదా ప్రకటించింది.

ముందు చెప్పకుండా చేయడం తప్పేనని నా ఉద్దేశం. నడుస్తున్న సిస్టం మీద అలా టెస్ట్ చేస్తే మా ఆఫీసులో ఎవరికైనా ఉద్యోగం ఊడుతుంది. కానీ ఆ ఎనిమిది చోట్లా ఆయన్ని ఏ అధికారంతో అడుగుతున్నావని నిలదీయలేదు. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ఆయన లెక్క తప్పలేదు, అంతే. చట్టం ఇచ్చిన అధికారమైతే కాదది.

ఈ బాధ్యత ఒక మనిషి మీద కాక సంస్థ మీద ఉండాలని ఆయనకూ తెలుసు. 1998 సెప్టెంబరులో ఐకాన్ ఏర్పడింది. అక్టోబరు 16న, గుండె ఆపరేషన్ తర్వాత, 55వ ఏట ఆయన కన్నుమూశారు. ఐకాన్ మీద అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు 2016 అక్టోబరు 1న ముగిసింది.

ఆయన మొదలుపెట్టిన ఆ పట్టీలోకి 2011లో మన తెలుగు అక్షరాల్లో డాట్ భారత్ కూడా ఎక్కింది.