చేచక్‌ను, తట్టును వేరు చేసి చూపిన హకీం అల్‌రాజీ

ఇంట్లో పిల్లవాడికి జ్వరం తగిలి, మూడు నాలుగు రోజులకు ఒళ్లంతా ఎర్రగా పొక్కితే ఒకప్పుడు తల్లి గుండె గుభేలుమనేది. అది తట్టా, లేక చేచక్కా? మన తాతలు, అవ్వలు ఎదుర్కొన్న ప్రశ్న ఇదే. చేచక్ అయితే ప్రాణం దక్కుతుందన్న నమ్మకం లేదు. దక్కినా ముఖం నిండా గుంటలు పడేవి, కొందరికి కళ్లే పోయేవి. ఊళ్లో ఏది వచ్చినా అమ్మవారు పోసిందనే అనేవారు. అయితే ఈ రెండూ వేరు వేరు జబ్బులని, ఒకదాని నుంచి ఇంకొకదాన్ని గుర్తుపట్టే పద్ధతి ఇదని వెయ్యి సంవత్సరాలకు పూర్వమే ఒక పుస్తకం రాసిపెట్టిన మహానుభావుడున్నాడు. ఆయనే అల్‌రాజీ.

పూర్తి పేరు అబూబక్ర్ ముహమ్మద్ ఇబ్న్ జకరియ్యా అల్‌రాజీ. హిజ్రీ 251లో, అంటే క్రీ.శ. 865లో, ఇరాన్ దేశంలోని రయ్ నగరంలో జన్మించారు. నేటి టెహ్రాన్ పక్కనే ఉన్న ఊరది. రయ్ వారు కాబట్టి రాజీ అన్న పేరు వచ్చింది. యూరప్ వారు ఆయన్ను రేజెస్ అన్నారు. యువకుడుగా ఉన్నప్పుడు ఊద్ వాయించేవారని, రసవాదంలో మునిగి ఉండేవారని, వయసు ముదిరాకనే వైద్యం చేపట్టారని చెబుతారు. ఆలస్యంగా మొదలుపెట్టినా అందరినీ మించిపోయారు. రయ్‌లోనూ, బాగ్దాద్‌లోనూ ఆసుపత్రులకు పెద్దగా పనిచేశారు.

ఆయన దర్బారు ఎలా ఉండేదో చూడండి. చుట్టూ శిష్యులు, వారి వెనుక వారి శిష్యులు వరుసలుగా కూర్చునేవారు. రోగి వస్తే ముందు బయటి వరుసవారు చూడాలి. వారికి అంతు చిక్కకపోతే లోపలి వరుసకు పంపాలి. అక్కడా తేలకపోతే అప్పుడు గురువు గారు స్వయంగా చూసేవారు. ఆ విధంగా ఒక్క రోగితోనే ఎంతో మందికి చదువు అబ్బేది. బీదలంటే ఆయనకు ఎంతో దయ. వారికి మందు ఇవ్వడమే గాక ఖర్చుకు డబ్బు కూడా సాయం చేసేవారట. హకీం దొరకని చోట ఉన్నవారు తమంతట తాము ఏం చేసుకోవాలో చెబుతూ ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆయన గ్రంథం పేరు జుదరీ, హస్బా. జుదరీ అంటే చేచక్, హస్బా అంటే తట్టు. పొక్కులు లేవక ముందే ఏం వస్తుందో పసిగట్టడానికి గుర్తులు ఇచ్చారు. విడవని జ్వరం, నడుము నొప్పి, ముక్కు దురద, నిద్రలో ఉలిక్కిపడటం ఉంటే అనుమానించాలి. నడుము నొప్పి గట్టిగా ఉంటే అది చేచక్ వైపు మొగ్గు. తట్టులో నడుము నొప్పి తక్కువ, వికారమూ ఆందోళనా ఎక్కువ. పొక్కులు పచ్చగానో నల్లగానో మారినా, గట్టిపడి పండకపోయినా అపాయమే. కళ్ల విషయంలో మరీ మరీ హెచ్చరించారు. కంటిలో పొక్కు లేస్తే చూపు పోతుంది కాబట్టి మొదటి నుంచే పన్నీరుతోనూ చల్లని నీళ్లతోనూ కళ్లను కాపాడమన్నారు. గొంతుకూ చెవులకూ వేరే జాగ్రత్తలు, తరువాత మచ్చలు తగ్గడానికి వేరే మందులు వివరించారు.

అన్నీ సరిగ్గానే చెప్పారా అంటే, లేదు. ద్రాక్షరసం పులిసి పొంగినట్టు పిల్లల రక్తం పొంగడమే ఈ జబ్బుకు కారణమని ఆయన అనుకున్నారు. రెండూ వేరు వేరు వైరస్‌ల వల్ల వస్తాయనీ, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయనీ ఆయనకు తెలియదు. కారణం తప్పినా, కంటితో చూసింది మాత్రం తప్పలేదు. యూనానీ వైద్యానికి పెద్ద దిక్కయిన జాలీనూస్ చెప్పినా సరే, రోగి దగ్గర కనిపించినది వేరుగా ఉంటే ఒప్పుకునేవారు కాదు. ఆయన మీద సందేహాలు ఎత్తుతూ ఏకంగా ఒక గ్రంథమే రాశారు. తత్వ విషయాల్లో ఈయన మాటలను కూడా తరువాతి పండితులు చాలామంది ఖండించారు. వైద్యంలో మాత్రం అందరూ ఈయన వద్దనే పాఠం నేర్చుకున్నారు.

రాత్రింబవళ్లు సన్నని అక్షరాలతో రాసి రాసి చెయ్యి పట్టు తప్పింది, చూపు మందగించింది. అప్పుడు ఇతరుల చేత చదివించుకుంటూ, రాయించుకుంటూ పని సాగించారు. ఎందరి కళ్లు నిలవాలో దారి చూపిన మనిషికి చివరికి తన చూపే పోయింది. శస్త్రచికిత్స చేస్తామంటే, ఈ లోకాన్ని చూసింది చాలులే అని వద్దన్నారని కథ ఉంది. హిజ్రీ 313లో, అంటే 925లో, రయ్‌లోనే కన్నుమూశారు.

ఆయన పోయాక శిష్యులు ఆ కాగితాలన్నిటినీ కూర్చగా అల్‌హావీ అనే మహాగ్రంథం తయారైంది. 1279లో అది లాటిన్‌లోకి వెళ్లింది. మనకు గర్వకారణమేమిటంటే, దాని అరబీ మూలాన్ని 1955 నుంచి భాగాలుగా అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్. చేచక్ పుస్తకాన్ని 1848లో ఇంగ్లీషులోకి అనువదించారు.

చేచక్ మన దేశంలో 1975లో ఆగింది. 1980 మే నెలలో లోకమంతటా అంతరించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. తట్టు మాత్రం ఇంకా పోలేదు. టీకా పడని పిల్లల్ని అది నేటికీ పొట్టన పెట్టుకుంటోంది. తొమ్మిది నెలలు నిండగానే ఒకసారి, ఏడాదిన్నర ప్రాంతంలో మరోసారి సర్కారు దవాఖానాలో ఆ టీకా ఉచితంగానే వేస్తారు. అల్‌రాజీ పేరు చెప్పుకుని గర్వపడటం సులువే. ఆయన పేరు నిలబెట్టాలంటే మన వాడకట్టులో టీకా పడని బిడ్డ ఒక్కరూ మిగలకుండా చూసుకోవాలి. ఆ పని మనదే.