హరికథా పితామహుని బాల్యము

పిల్లల యాటపాటలయందే వారి భావిజీవితము బీజరూపమున నుండునని పెద్దలు చెప్పుదురు. ఆ బీజమును గుర్తెరుగుట కష్టము. గుర్తెరిగిన పిదప దానికి నీరు పోయుట మరింత కష్టము. ఈ విషయమున హరికథా పితామహులని ప్రసిద్ధి వడసిన కీర్తిశేషులు ఆదిభట్ల నారాయణదాసుగారి చరిత్రమును మన సంఘ సోదరుల యెదుట నుంచుట యుచితమని తలచితిమి.

వీరు 1864వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీన బొబ్బిలి ప్రాంతమందలి అజ్జాడ గ్రామమున లక్ష్మీనరసమాంబా వేంకటచయనులను పుణ్యదంపతులకు జన్మించిరి. తొలిపేరు సూర్యనారాయణ. విన్న పద్యమును విన్నట్లే యప్పగించుట ఆ బాలునికి క్రీడ. అయిదేండ్ల ప్రాయమున నొకనాడు తల్లివెంట పోవుచు, పుస్తకముల యంగడిలో భాగవతమును చూచి యది కావలెనని పట్టుపట్టెనట. పసివానికి భాగవతమెందులకని వర్తకుడు సందేహింపగా, బాలుడు పోతనామాత్యుని పద్యములను ధారాళముగ చదివి వినిపించెను. వర్తకుడు విస్మితుడై గ్రంథమును వెల గొనకయే యిచ్చెనని చెప్పుదురు. సాధారణముగ పిల్లలు మిఠాయికై యేడ్తురు. ఈ బాలుడు గ్రంథమునకై యేడ్చెను. అతని మనస్సు దేనికొరకు పుట్టినదో ఆ యంగడి ముంగిటనే తేలిపోయినది.

అనంతరము ఇంగ్లీషు చదువునకై విజయనగరమున అన్నగారి యింట జేరిరి. పరీక్షలలో కృతార్థులైనవారికి కొలువులు లభించు కాలమది. ఆ మార్గముననే పోయియుండిన వారొక యుద్యోగియై యుందురేమో. కాని 1883వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి వచ్చిన కుప్పుస్వామినాయుడుగారి హరికథను వారు వినుట తటస్థించెను. చిన్ననాట వేర్వేరుగ ముద్దుగొలిపిన పద్యము, పాట, తాళము, అభినయము అన్నియు నొక్క కళలో నిమిడియుండుట నాడు వారు కన్నులార చూచిరి. ఆ సంవత్సరమే ధ్రువచరిత్రమును స్వయముగ రచించి, విజయనగరమున ప్రథమముగ కథాగానము చేసిరి. భాగవతమునకై పట్టుపట్టిన యయిదేండ్ల బాలుడు పెరిగి, పట్టుదలకు పేరెన్నికగన్న మరియొక యయిదేండ్ల బాలుని కథతోనే సభ కెక్కుట చూడుడు! తరువాత రచించిన అంబరీష చరిత్రము, గజేంద్రమోక్షణము, రుక్మిణీకల్యాణము మున్నగునవియు భాగవత కథలే. నాటి యంగడిలోని గ్రంథము జీవితాంతము వారికి అన్నము పెట్టినది.

ఇదంతయు పుట్టుక బలముననే సిద్ధించెననుట పొరపాటు. కాలికి గజ్జె కట్టి గంటల తరబడి పాడి యాడుటకు దేహము నెంత సాధనము చేసిరో, గ్రంథరచనకు బుద్ధి నంత సాధనము చేసిరి. 1919వ సంవత్సరమున విజయనగరమున నేర్పడిన సంగీత పాఠశాలకు వారే ప్రథమాధ్యక్షులై 1936 వరకు నడపిరి. 1932వ సంవత్సరమున ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునను అచ్చతెలుగునను ప్రకటించిరి. 1945 జనవరి 2వ తేదీన దివంగతులైరి. అభిరుచి త్రోవ చూపును. నడువవలసినది మాత్రము మనమే.

ఈ సందర్భమున మా యపరాధ మొకటి చెప్పుకొనక తప్పదు. మేము ఉపాధ్యాయులుగ నున్న తొలిదినములలో నొక బాలుడు శబ్దరూపములు వల్లించునపుడెల్ల బల్లమీద వ్రేళ్లతో తాళము వేయుచుండెడివాడు. దానిని అవిధేయతగ నెంచి బెత్తముతో మాన్పించితిమి. వాడు తాళము మానెను. కొలది మాసములకు చదువును మానెను. వాని చేతిలో నేమి యుండెనో తెలిసికొను యత్నమైనను మేము చేయలేదు. నారాయణదాసుగారి కథ చదివినప్పుడెల్ల ఆ చప్పుడు మా చెవులలో మ్రోగుచునే యుండును.

ప్రతి బాలుడును నారాయణదాసు కాజాలడు. అయినను ప్రతి బాలునికిని, ప్రతి బాలికకును చెప్పకయే చేయు పని యేదో యొకటి యుండును. ఒకరు మట్టితో బొమ్మలు చేయుదురు, ఒకరు గడియారము విప్పుదురు, ఒకరు మొక్కలు నాటుదురు. తల్లిదండ్రులు మార్కుల పట్టికను చూచుటకు ముందు ఆ పనిని చూతురుగాక. విద్యార్థులకు ధనసాహాయ్యము చేయు దాతలును, ఏమి చదువుచున్నావని యడుగుటతో నిలువక, తీరికవేళ నేమి చేయుదువని కూడ నడుగుదురుగాక. నాడు గ్రంథమిచ్చిన వర్తకుని పేరు లోకమునకు తెలియదు; ఆయన దానఫలమును మాత్రము ఆంధ్రదేశ మనుభవించినది. మన దాతలకును అట్టి దానము చేయు భాగ్యము కలుగునుగాక!